ప్రోగ్రాము రాయడం, ప్రోగ్రాము చదవడం: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జీతాల గురించీ వీసాల గురించీ కాకుండా ప్రోగ్రామింగ్ అనే పని గురించే ఉండటం నాకు సంతోషం కలిగించింది. కోడు ఎవరి కోసం రాయాలి, రాసినదాన్ని ఎవరు చూసుకోవాలి, అది విఫలమైతే ఎవరు బాధ్యులు అన్న ప్రశ్నలు వాటిలో ఏదో ఒక రూపంలో మళ్లీ మళ్లీ కనిపించాయి. ఉత్తరాలను కుదించి, పేర్లు లేకుండా ఇక్కడ ఇస్తున్నాను.

ప్రశ్న: మూడేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నా కోడు సరిగానే పనిచేస్తుంది. అయినా మా టీమ్ లీడ్ రివ్యూలో ప్రతిసారీ వెనక్కి పంపుతారు. వేరియబుల్ పేరు మార్చమంటారు, ఫంక్షన్‌ను రెండుగా విడదీయమంటారు, కామెంటు రాయమంటారు. పనిచేసే కోడుకు ఇన్ని మెరుగులు అవసరమా? (ఒక ఇంజనీరు, హైదరాబాదు)

సమాధానం: కోడు సరిగా పనిచేస్తోందని మీరు ఎలా తేల్చుకున్నారో ముందు ఆలోచించండి. బహుశా కొన్ని విలువలు ఇచ్చి నడిపి చూశారు, అనుకున్న ఫలితం వచ్చింది. పరీక్షలు తప్పు ఉందని చూపగలవే కాని తప్పు లేదని చూపలేవని కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అర్ధశతాబ్దం కిందటే హెచ్చరించారు. ఆ హెచ్చరిక ఎంత నిజమో తెలుసుకోవడానికి బైనరీ సెర్చ్ చరిత్ర ఒక్కటి చూస్తే చాలు.

వరుసలో పేర్చిన జాబితా మధ్యకు వెళ్లి, మనకు కావలసినది దానికి ముందుందో వెనకుందో చూసి, అక్కరలేని సగాన్ని వదిలేసి, మిగిలిన సగంలో మళ్లీ అదే పని చేయడమే బైనరీ సెర్చ్. ఇంజనీరింగ్ మొదటి ఏడాది విద్యార్థులు కూడా దాన్ని పదిహేను వరుసల్లో రాస్తారు. ఈ పద్ధతి మొదట 1946లో ప్రచురితమైంది. ఏ పరిమాణంలో ఉన్న జాబితాకైనా తప్పు లేకుండా పనిచేసే రూపం అచ్చులోకి రావడానికి 1960 దాకా పట్టింది. అంతటితోనూ కథ ముగియలేదు. జావా అనే ప్రోగ్రామింగ్ భాషతో పాటు వచ్చే లైబ్రరీ (ఎవరైనా వాడుకోవడానికి సిద్ధంగా ఉంచిన కోడు) లోని బైనరీ సెర్చ్‌లో ఒక తప్పు సుమారు తొమ్మిదేళ్లపాటు ఎవరి కంటా పడకుండా ఉండిపోయిందని, దాన్ని రాసిన జాషువా బ్లాక్ స్వయంగా 2006లో ప్రకటించారు. మధ్య స్థానం కనుక్కోవడానికి అందులో మొదటి స్థానాన్నీ చివరి స్థానాన్నీ కూడి రెండుతో భాగించారు. 32 బిట్ల (సున్నా లేదా ఒకటి పట్టే 32 గడుల) పూర్ణాంకంలో పట్టే అతి పెద్ద సంఖ్య 2,14,74,83,647. జాబితాలో 107 కోట్లకు మించి అంశాలు ఉన్నప్పుడు ఆ కూడిక ఈ హద్దు దాటి రుణ సంఖ్యగా మారిపోగలదు. చివరి స్థానం నుంచి మొదటి స్థానాన్ని తీసివేసి, అందులో సగాన్ని మొదటి స్థానానికి కలిపితే ఆ ప్రమాదం ఉండదు. తొలినాళ్ల కంప్యూటర్ల మీద ఎవరికీ అంత పెద్ద జాబితాతో పని పడలేదు కాబట్టి ఆ తప్పు బయటపడే సందర్భమే రాలేదు.

పదిహేను వరుసల్లో ఇంత దాగి ఉండగలిగినప్పుడు, మీరు వారం రోజుల్లో రాసే వందల వరుసలను ఇంకొక మనిషి శ్రద్ధగా చదవడం వృథా అనలేం. పరీక్షకు పంపకముందే ఒక చిన్న బృందం కూర్చొని కోడును వరుసక్రమంలో చదివే పద్ధతిని ఐబీఎంలో పనిచేసిన మైఖేల్ ఫాగన్ 1976లో వివరించారు. ఈనాటి రివ్యూలు అంత లాంఛనంగా జరగవు గాని, వాటి వెనుక ఉన్న నమ్మకం అదే. యంత్రం కోడును అమలు చేస్తుంది, అర్థం చేసుకునేది మనిషే.

అందుకే పేర్లకు అంత పట్టుదల. 'టెంప్', 'డేటా2' అన్న పేర్లు మీకు ఇవాళ అర్థమవుతాయి, ఎందుకంటే ఆ లెక్క మొత్తం ఇంకా మీ తలలో ఉంది. ఆరు నెలల తర్వాత రాత్రి పదకొండు గంటలకు ఆ కోడు ప్రొడక్షన్‌లో, అంటే జనం వాడుతున్న చోట, ఆగిపోయినప్పుడు దాన్ని తెరిచే మనిషి తలలో ఆ లెక్క ఉండదు. 'గడువు దాటిన రోజులు' అన్న అర్థం వచ్చే పేరు పెడితే అతనికి సగం పని తగ్గుతుంది. కామెంటు విషయంలో మాత్రం ఒక భేదం పాటించండి: కోడు ఏం చేస్తోందో చెప్పే కామెంటు చాలావరకు అనవసరం, అది కోడులోనే కనిపించాలి. అలా ఎందుకు చేయవలసి వచ్చిందో, ఏ పద్ధతి ప్రయత్నించి వదిలేశారో చెప్పే కామెంటు అమూల్యం, అది కోడులో ఎక్కడా కనిపించదు.

ఈ ఆలోచనను చివరంటా తీసుకువెళ్లినవారు డొనాల్డ్ కనూత్. ప్రోగ్రామును యంత్రానికి ఇచ్చే ఆజ్ఞల పట్టికగా కాక, మనుషులు చదివే వ్యాసంగా రాయాలని 1984లో ప్రతిపాదించి, గణిత గ్రంథాల ముద్రణకు తాను రూపొందించిన టెక్ అనే వ్యవస్థను ఆ పద్ధతిలోనే రాసి పుస్తకంగా ప్రచురించారు. తన పుస్తకాల్లో తప్పు చూపిన ప్రతి పాఠకుడికీ 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు పంపేవారు. 256 సెంట్లంటే పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో ఒక డాలరు. వాటిని బ్యాంకులో వేసినవారికంటే అద్దం కట్టించి గోడకు తగిలించుకున్నవారే ఎక్కువ. తప్పు చూపినవారిని సత్కరించే ఆ సంస్కృతి మన ఆఫీసుల్లోకి కొంతైనా రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

మీ టీమ్ లీడ్‌కూ కొన్ని బాధ్యతలు ఉన్నాయి. స్పేసులు ఎన్ని ఉండాలి, బ్రాకెట్టు ఏ వరుసలో రావాలి అన్న విషయాలు మనుషులు వాదించుకోవలసినవి కావు, వాటిని కోడును ఒకే తీరులో సర్దే ఫార్మాటరు అనే సాధనానికి అప్పగించాలి. మిగిలిన సూచనల్లో ప్రతిదానికీ కారణం చెప్పమని అడిగే హక్కు మీకుంది. కారణం చెప్పలేని సూచన కేవలం అభిరుచి. దాన్ని మర్యాదగా తోసిపుచ్చవచ్చు.

ప్రశ్న: బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటరు నడుపుతున్నాను. స్కాలర్‌షిప్పులకు, ధ్రువపత్రాలకు, పరీక్షలకు దరఖాస్తులు నింపి పంపడం నా పని. అంతా నింపాక 'ఏదో పొరపాటు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి' అని వస్తుంది. ఏది పొరపాటో చెప్పదు. పల్లె నుంచి కూలి మానుకుని వచ్చిన మనిషి నా ఎదురుగా కూర్చొని ఉంటాడు. రాసేవాళ్లు మా గురించి ఆలోచించరా? (పార్వతీపురం)

సమాధానం: ఈ ఉత్తరాన్ని ప్రతి సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనూ గోడకు అంటించాలి. చాలామంది ప్రోగ్రామర్లు అన్నీ సవ్యంగా జరిగే దారిని శ్రద్ధగా రాసి, తప్పు జరిగే దారులన్నింటినీ ఒకే సంచిలో వేసి, దానికి మీరు చెప్పిన ఆ వాక్యం తగిలిస్తారు. గడువు తరుముతున్నప్పుడు మొదట కోతపడేది ఈ పనే. ఎందుకంటే పై అధికారులకు చూపించే డెమోలో పొరపాట్లు రావు.

దీని తీవ్రత ఎంతదాకా పోగలదో చెప్పడానికి ఒక ఉదంతం ఉంది. థెరాక్-25 అనేది కెనడాలో తయారైన, క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఇచ్చే యంత్రం. 1985 జూన్ నుంచి 1987 జనవరి మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురు రోగులకు అది మోతాదుకు ఎన్నో రెట్లు మించిన రేడియేషన్ ఇచ్చింది. కనీసం ముగ్గురు దానివల్ల మరణించారు. ఆపరేటరు వివరాలు టైపు చేసి, వాటిని చాలా వేగంగా సరిదిద్దినప్పుడు యంత్రంలోని రెండు పనుల మధ్య పొంతన తప్పేది. అంతకుముందు నమూనాలో ఇలాంటి తప్పును అడ్డుకునే యాంత్రికమైన తాళాలు ఉండేవి; కొత్తదానిలో వాటిని తీసేసి సాఫ్ట్‌వేరునే నమ్ముకున్నారు. ఆ సమయంలో తెర మీద కనిపించినది 'మాల్‌ఫంక్షన్ 54' అన్న మాట మాత్రమే. దాని అర్థమేమిటో ఆపరేటరుకు తెలిసే మార్గం లేదు. అలాంటి సందేశాలు రోజూ ఎన్నో వస్తూ ఉండటం వల్ల, 'కొనసాగించు' అని చెప్పే 'పి' మీట నొక్కడం వారికి అలవాటైపోయింది. అర్థం కాని సందేశం మనిషికి దాన్ని పట్టించుకోకుండా ఉండటం నేర్పుతుంది.

ఒక మంచి సందేశంలో మూడు విషయాలు ఉండాలి: ఏ గడిలో ఏం కుదరలేదు, ఇప్పటిదాకా నింపినది భద్రంగా ఉందా, ఇప్పుడు మీరేం చేయాలి. మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. ఫొటో పరిమాణం ఎక్కువైతే ఎంత ఉండాలో అక్కడే చెప్పాలి. సెషన్ గడువు ముగిసిపోతుంటే ముగియక ముందే హెచ్చరించాలి. ధ్రువపత్రంలోని పేరుకూ నింపిన పేరుకూ తేడా ఉంటే రెండింటినీ పక్కపక్కన చూపాలి. వీటిలో ఏదీ కష్టమైన ప్రోగ్రామింగ్ కాదు. దరఖాస్తు నింపే మనిషిని ఒక్కరోజు పక్కన కూర్చొని చూసిన ప్రోగ్రామరుకు ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే తెలుస్తాయి.

మీరు చేయగలిగినది ఒకటుంది. పొరపాటు వచ్చిన ప్రతిసారీ స్క్రీన్‌షాట్ తీసి, సమయాన్నీ, ఏ మీట నొక్కగానే వచ్చిందన్న సంగతినీ రాసి సహాయ కేంద్రానికి పంపండి. సర్వరులో జరిగినవన్నీ నమోదయ్యే లాగ్‌లో వెతికేవారికి సమయమే తొలి ఆధారం. 'సైటు పనిచేయడం లేదు' అన్న ఫిర్యాదు కంటే, 'ఉదయం 11 గంటల 20 నిమిషాలకు, ఫొటో పెట్టగానే' అన్న ఫిర్యాదు పరిష్కారమయ్యే అవకాశం చాలా ఎక్కువ.

ప్రశ్న: మా అమ్మాయిని ఒక పెద్ద కంపెనీ మెయింటెనెన్స్ ప్రాజెక్టులో వేసింది. ఎవరో ఇరవై ఏళ్ల కిందట రాసిన కోడును సరిచేస్తూ కూర్చోవడం నామోషీగా ఉందని, తోటివారంతా కొత్త టెక్నాలజీలో ఉన్నారని బాధపడుతోంది. ఉద్యోగం మారమని చెప్పమంటారా? (ఒక తల్లి, తెనాలి)

సమాధానం: ఆ అమ్మాయి బాధ అర్థం చేసుకోదగ్గదే అమ్మా. దానికి కారణం పనిలో లేదు, ఆ పనికి మనం ఇస్తున్న విలువలో ఉంది. కొత్తది కట్టినవారికి వేదిక మీద చప్పట్లు, ఉన్నదాన్ని నిలబెట్టేవారికి అర్ధరాత్రి ఫోను. కాకతీయుల నాటి చెరువులు ఈనాటికీ నీళ్లిస్తున్నాయంటే తవ్వించినవారితో పాటు తరతరాలుగా పూడిక తీసి, గట్టు వేసి, తూము బాగుచేసినవారూ కారణమే. శాసనాల్లో వారి పేర్లు దొరకవు.

తెలుగువారికి ఈ పని కొత్తది కూడా కాదు. మెమరీ ఖరీదైన రోజుల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాసేవారు. 1999 దాటగానే '00' అన్నది 1900గా లెక్కకు వచ్చి బ్యాంకుల్లో, బీమా సంస్థల్లో వడ్డీలూ గడువులూ తారుమారవుతాయన్న భయంతో ప్రపంచమంతటా పాత కోడును తిరగేయవలసి వచ్చింది. అమీర్‌పేట శిక్షణ సంస్థల్లో కోబాల్ అనే పాత భాషనూ, మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ల పనినీ నేర్చుకున్న ఎందరో తెలుగు యువకులకు తొలి ఉద్యోగమూ, తొలి అమెరికా ప్రయాణమూ ఆ పనే ఇచ్చింది. 2000 జనవరి 1 పెద్ద ప్రమాదం లేకుండా గడిచిపోయేసరికి, అదంతా ఉత్త హడావిడి అని చాలామంది తేల్చేశారు. అది అన్యాయం. ఇతరులు ఎప్పుడో రాసిన కోడును ఓపికగా చదివి సరిచేసినవారు ఉన్నారు కాబట్టే ఆ రోజు ప్రశాంతంగా గడిచింది. ప్రమాదం జరగకుండా చేసిన పని ఎప్పుడూ కంటికి కనిపించదు.

ఇలాంటిదే ఇంకొకటి ముందుంది. చాలా వ్యవస్థలు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా 32 బిట్ల సంఖ్యలో లెక్కిస్తాయి. పైన బైనరీ సెర్చ్ గురించి చెప్పిన హద్దే ఇక్కడా వర్తిస్తుంది. 2038 జనవరి 19న, మన కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు, ఆ సంఖ్య నిండిపోతుంది. కొత్త కంప్యూటర్లు చాలావరకు 64 బిట్లకు మారాయి. యంత్రాల లోపల ఇమిడి ఉన్న పాత వ్యవస్థలనూ పాత ఫైళ్లనూ ఎవరో ఒకరు తెరిచి చూడాలి. అప్పటికి మీ అమ్మాయి ఆ పనికి కావలసిన అనుభవం ఉన్న మనిషి అయి ఉంటుంది.

వింతగా కనిపించే ప్రతి షరతు వెనుకా ఒకప్పటి సంఘటన ఉంటుందని, తీసేయకముందు దాన్ని తెలుసుకుని ఒక చోట రాసిపెట్టమని చెప్పండి. మార్పు చేసే ముందు ప్రస్తుత ప్రవర్తనను పట్టి ఉంచే టెస్టు రాయడం అలవాటు చేసుకోమనండి. రెండేళ్ల తర్వాత కూడా టికెట్లు (వచ్చిన ఫిర్యాదులు) మూయడం తప్ప నేర్చుకునేది ఏమీ లేదని తనకే అనిపిస్తే, అప్పుడు మారడంలో తప్పు లేదు.

ప్రశ్న: మా ప్రాజెక్టు నాలుగు నెలలు వెనకబడింది. మేనేజరు కొత్తగా పదిమందిని తెచ్చారు. అప్పటి నుంచి ఇంకా నెమ్మదించింది. కారణం చెప్పగలరా? (బెంగళూరు)

సమాధానం: ఐబీఎం ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణానికి నాయకత్వం వహించిన ఫ్రెడ్ బ్రూక్స్ ఈ అనుభవం మీదే 1975లో ఒక పుస్తకం రాశారు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషులను చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందన్నది ఆయన సూత్రం. కొత్తవారికి నేర్పించేది పాతవారే, అంతసేపూ వారి పని ఆగుతుంది. ఐదుగురు ఉన్న చోట ఇద్దరిద్దరి మధ్య 10 సంబంధాలుంటే, పదిహేనుమంది ఉన్న చోట 105 ఉంటాయి. చేయదగినది కోరికల జాబితాను తగ్గించడం, లేదా తేదీని నిజాయితీగా మార్చడం. మీ మేనేజరుకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి.

ప్రశ్న: పుస్తక ప్రచురణ సంస్థలో ప్రూఫ్‌రీడర్‌ని. సైట్లలోనూ యాప్‌లలోనూ తెలుగు పేర్లు సగంలో తెగిపోతాయి, ఒత్తులు విడిపోతాయి, అకారాది క్రమం తప్పుగా వస్తుంది. మన లిపి కంప్యూటరుకు ఇమడదని మా ఆఫీసులో అంటున్నారు. నిజమేనా? (విజయవాడ)

సమాధానం: కాదు. లిపిలో లోపమేమీ లేదు. అక్షరానికి ఒక సంకేతం, సంకేతానికి ఒక బైటు (ఎనిమిది బిట్ల నిల్వ స్థలం) అని ఇంగ్లీషును మాత్రమే ఎదురుగా పెట్టుకుని చేసుకున్న ఊహలో ఉంది లోపం.

'లక్ష్మి' అన్న పేరు తీసుకోండి. మనం రెండు అక్షరాలుగా చదువుతాం. ప్రపంచ లిపులకు సంకేతాలు కేటాయించే యూనికోడ్‌లో అది ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అనే ఏడు సంకేతాలు. ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడేసి బైట్లు కాబట్టి మొత్తం 21 బైట్లు. ఇంగ్లీషు లిపిలో అదే పేరుకు 7 బైట్లు చాలు. డేటాబేసులో పేరుకు 20 బైట్లు ధారాళమనుకున్న ప్రోగ్రామరు చేతిలో ఈ పేరు చివరి గుడి దగ్గర తెగి, 'లక్ష్మ' తర్వాత అర్థం లేని ఒక గుర్తు మిగులుతుంది. కత్తిరించవలసి వస్తే బైటు దగ్గరో సంకేతం దగ్గరో కాకుండా, చదివేవారు ఒక్క అక్షరంగా గుర్తించే చోట కత్తిరించాలి. అందుకు కావలసిన నియమాలు, లైబ్రరీలు ఉన్నాయి. వాడాలన్న స్పృహ లేదు. ఎస్సెమ్మెస్‌లదీ ఇదే తీరు. ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టే సందేశంలో తెలుగుకు మారగానే 70 సంకేతాలే పడతాయి.

అకారాది క్రమం సంగతి ఇంకొంచెం సూక్ష్మమైనది. మన వర్ణమాలలో ళ, ఱ అక్షరాలు హకారం తర్వాత వస్తాయి. యూనికోడ్ పట్టికలో ర పక్కన ఱ, ల పక్కన ళ ఉన్నాయి. సంకేతాల సంఖ్యలను బట్టి వరుస పెడితే ళకారంతో ఉన్న మాటలు వకారం కంటే ముందుకు వచ్చేస్తాయి. పట్టికలోని స్థానం నిల్వ కోసం ఏర్పరచినది, నిఘంటు క్రమం కోసం కాదు. ఆ రెండూ ఒకటే అనుకోవడం వల్లే సూచికలు తప్పుతున్నాయి.

పెద్ద సంస్థలకు కూడా ఇది సులువు కాలేదు. 2018 ఫిబ్రవరిలో ఒకే ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లలోని యాప్‌లను కుప్పకూల్చింది. జ్ఞ తర్వాత, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే సంకేతం, దాని తర్వాత దీర్ఘం వచ్చిన వరుస అది. ఆ వరుసను తెర మీద చూపించవలసిన కోడు మెమరీని పాడుచేసి, సందేశం తెరిచిన యాప్‌ను ఆపేసేది. ఆ నెల 19న విడుదలైన 11.2.6 వెర్షన్‌తో ఆపిల్ దాన్ని సరిచేసింది. తెలుగు చదవని ప్రపంచమంతా ఆ రోజుల్లో దాన్ని ప్రమాదకరమైన అక్షరమని పిలవడం నాకు బాధ కలిగించింది. ఆ కనిపించని సంకేతం మనం 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో రోజూ వాడేదే. దానికి దీర్ఘం తోడైన వరుసను ఎవరూ పరీక్షించలేదు.

కంప్యూటరులో తెలుగు ఈ మాత్రమైనా అందంగా కనిపిస్తోందంటే అందులో వ్యక్తుల శ్రద్ధ చాలా ఉంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించి ఉచితంగా అందించిన పోతన, వేమన ఫాంట్లతో ఎందరో తొలిసారి యూనికోడ్ తెలుగు చదివారు. మీ వంటి ప్రూఫ్‌రీడర్లు ప్రోగ్రామర్లకు చేయగలిగిన ఉపకారం కూడా ఉంది. జ్ఞానం, లక్ష్మి, స్వాతంత్ర్యం, కళ్ళెం వంటి ఓ వంద మాటల జాబితా తయారుచేసి, ఏ యాప్ తయారైనా ముందు దీనితో పరీక్షించండని ఇవ్వండి. ఏ మాట ఎక్కడ విరుగుతుందో మీ కంటికి తెలిసినంతగా వారికి తెలియదు.

ప్రశ్న: ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీషు రాకపోతే ప్రోగ్రామింగ్ రాదంటున్నారు. (డిగ్రీ విద్యార్థి, ఆదిలాబాదు)

సమాధానం: పైథాన్ భాషలో ప్రత్యేకించి కేటాయించిన మాటలు 35 మాత్రమే. వాటిని వారంలో నేర్చుకోవచ్చు. వేరియబుల్ పేర్లు తెలుగులోనే పెట్టుకోవడానికి కూడా పైథాన్ 3 అనుమతిస్తుంది. 'వడ్డీ', 'అసలు', 'నెలలు' అని పేర్లు పెట్టి వడ్డీ లెక్క రాసి చూడండి. (పైన చెప్పిన కనిపించని సంకేతం ఉన్న మాటలను మాత్రం అది ఒప్పుకోదు.) మొదటి నెలల్లో ఇది మీకు ధైర్యమిస్తుంది. ఉద్యోగంలో ఇతర భాషలవారు మీ కోడు చదవాలి కాబట్టి తర్వాత ఇంగ్లీషు పేర్లకు మారాలి.

ఆలోచన మాత్రం తెలుగులోనే చేయండి. ప్రోగ్రాము ఏం చేయాలో, ఏ సందర్భంలో ఏం చేయకూడదో ముందు కాగితం మీద తెలుగు వాక్యాల్లో రాయండి. ఆ వాక్యాల్లో అస్పష్టత ఉంటే కోడులోనూ ఉంటుంది. ఇంగ్లీషు అవసరం వచ్చేది డాక్యుమెంటేషన్ చదివేటప్పుడు. అది సాహిత్యపు ఇంగ్లీషు కాదు. అవే కొన్ని వందల మాటలు తిరిగి తిరిగి వస్తాయి, రోజుకు ఒక పేజీ చదివితే ఏడాదిలో లొంగుతుంది. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో పుట్టిన రాజ్ రెడ్డి గారు కంప్యూటర్లు మనిషి మాటను వినగలిగేలా చేసే పరిశోధనలో జీవితం గడిపి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. కంప్యూటర్ శాస్త్రంలో అంతకు మించిన గౌరవం లేదు.

ప్రశ్న: ఇప్పుడు ఏఐ సాధనాలే అడిగిన కోడు రాసిస్తున్నాయి. ఇక డేటా స్ట్రక్చర్లు, అల్గారిథమ్‌లు కష్టపడి నేర్చుకోవడం దేనికి? మా కాలేజీలో అసైన్‌మెంట్లన్నీ అలాగే పూర్తిచేస్తున్నారు. (బీటెక్ చివరి సంవత్సరం, కాకినాడ)

సమాధానం: ఈ సాధనాలు నిజంగానే ఉపయోగకరమైనవి. తెలియని లైబ్రరీతో మొదటి అడుగు వేయడానికి, విసుగు పుట్టించే కోడును తొందరగా ముగించడానికి వాటిని వాడకపోవడంలో గొప్పతనమేమీ లేదు. కాని అవి వచ్చాక ప్రోగ్రామరు పనిలో రాయడం తగ్గి, చదవడం పెరిగింది. ఇతరులు రాసినది చదివి ఒప్పో తప్పో తేల్చడం, తానే రాయడం కంటే కష్టం. నేర్చుకునే దశలో రాయడాన్ని వదిలేసినవారికి ఆ చదివే శక్తి ఎక్కడి నుంచి వస్తుందో నాకు అర్థం కావడం లేదు.

వేరొకచోట సరిగా పనిచేసిన కోడు మన దగ్గరా సరిగా పనిచేస్తుందన్న హామీ లేదు. 1996 జూన్ 4న ఐరోపా దేశాల ఏరియాన్ 5 రాకెట్టు తొలి ప్రయాణంలోనే, బయలుదేరిన దాదాపు 40 సెకన్లకు ముక్కలైంది. దిశను లెక్కించే భాగంలోని కోడును ఏరియాన్ 4 నుంచి అలాగే తీసుకున్నారు. అక్కడ అది ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది. కొత్త రాకెట్టు అడ్డంగా సాగే వేగం ఎక్కువ. ఆ వేగానికి సంబంధించిన 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోయినప్పుడు అది పట్టలేదు. లెక్క తప్పింది, దానికి తోడుగా పెట్టిన రెండో కంప్యూటరులోనూ అదే కోడు ఉండటంతో అదీ అలాగే ఆగిపోయింది. ఆ లెక్క ఏరియాన్ 5కు నేల విడిచాక అవసరమే లేదన్నది మరింత బాధాకరమైన విషయం. ఆ కోడు రాసినవారికి తమ రాకెట్టు హద్దులు తెలుసు. దాన్ని తీసుకున్నవారు ఆ హద్దులు తమకు వర్తిస్తాయా అని అడగలేదు. ఏఐ ఇచ్చే కోడు కూడా ఎవరి హద్దుల్లోనో సరైనది. మీ హద్దులు దానికి మీరు చెప్పినంతే తెలుసు.

అందుకని నా సలహా ఇది. డేటా స్ట్రక్చర్లు నేర్చుకునేటప్పుడు సాధనాన్ని ఆపేయండి. లింక్డ్ లిస్టునూ, హ్యాష్ టేబుల్‌నూ, సార్టింగ్‌నూ చేతితో రాసి, తప్పు ఎక్కడ జరుగుతోందో డీబగ్గర్‌లో మీరే వెతకండి. ఆ తర్వాత సాధనాన్ని వాడేటప్పుడు ముందు టెస్టు మీరు రాయండి, ఖాళీ జాబితా, ఒకే అంశం, అతి పెద్ద సంఖ్య, తెలుగు పేరు అందులో తప్పకుండా ఉండాలి. అది ఇచ్చిన దానిలో మీరు వివరించలేని వరుస ఒక్కటి ఉన్నా దాన్ని మీ పేరుతో పంపవద్దు. మీ పేరుతో వెళ్లిన కోడుకు రేపు జవాబు చెప్పవలసినది మీరే.

ప్రశ్న: ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి ఇతరుల కోడు చదవమని మీరు తరచూ రాస్తారు. ఏది చదవాలి? (కరీంనగరు)

సమాధానం: మీరు రోజూ వాడే చిన్న ఓపెన్ సోర్స్ (కోడు అందరికీ తెరిచి ఉన్న) లైబ్రరీతో మొదలుపెట్టండి. వెయ్యి వరుసలు మించనిది అయితే మంచిది. సీ భాష వచ్చి ఉంటే ఎమ్‌ఐటీలో బోధన కోసం రాసిన ఎక్స్‌వీ6 అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ చదవండి. యూనిక్స్ ఆరో ఎడిషన్‌ను ఆదర్శంగా తీసుకుని రాసినది కాబట్టి ఒక మనిషి పూర్తిగా చదివి అర్థం చేసుకోగలిగినంతలో ఉంటుంది. ఆ తర్వాత ఎస్‌క్యూలైట్ వైపు వెళ్లవచ్చు. 2000లో మొదలైన ఈ డేటాబేసు దాదాపు ప్రతి ఫోనులోనూ ఉంది, దాని కోడును ఎవరైనా చదవవచ్చు. దానిలోని వివరణాత్మకమైన కామెంట్లు చదవడమే ఒక శిక్షణ.

కథలా మొదటి ఫైలు నుంచి చదవకండి. ఒక ప్రశ్న పెట్టుకోండి: ఎక్స్‌వీ6లో ఫైళ్ల జాబితా చూపే 'ఎల్‌ఎస్' ఆదేశాన్ని టైపు చేసి ఎంటర్ నొక్కితే తెర మీద జాబితా కనిపించేదాకా ఏయే ఫంక్షన్లు నడుస్తాయి? ఒక్కొక్కదాని పేరూ, అది ఎందుకు ఉందని మీకు తోచిందో కాగితం మీద రాసుకుంటూ వెళ్లండి. ఎక్కడ ఆగిపోయారో నాకు రాయండి, వచ్చే సంచికలో అక్కడి నుంచి చూద్దాం.